పొట్లం వెనకపక్క

జూన్ వస్తే మా పక్క గాలి కూడా
మామిడి జీడి మాదిరి ఒంటికి అంటుకుంటాది.
బంగారుపాళెం దాటినాక గుజ్జు ఫ్యాక్టరీలో
పొద్దుటి షిఫ్టు నాది.
డబ్బా వస్తాది, చీటీ అంటిస్తా.
డబ్బా వస్తాది, చీటీ అంటిస్తా.

ఆ చీటీ నాకు నోటికొచ్చేసింది:
తోతాపురి గుజ్జు ఇంత, చక్కెర ఇంత,
నిమ్మ ఉప్పు చిటికెడైనా దాని పేరు, దాని నంబరు,
ఏ బ్యాచి, ఏ దినం చేసింది, ఏ దినం దాకా.
సముద్రం అవతల ఎవురో నాలిక మీద పెట్టుకునే ముందు
అన్నీ తెలియాల గదా.
వంకర పోతే సూపర్‌వైజరు కోదండం కసురుకుంటాడు.
చీటీ లేని డబ్బాను నేనే పక్కకు తీసి పెడతా,
లోపల బంగారం లాంటి గుజ్జున్నా సరే
గడప దాటదు.

మూడు నెలలుగా తొడల నడుమ మంట.
నిలబడేది ఎనిమిది గంటలు,
తడి నేల, రబ్బరు బూట్లు.
అడుగు తీసి అడుగేస్తే చింత నిప్పులు.
"చెమటకే" అనింది రెడ్డెమ్మ.
"వయసుకే" అనింది నర్సమ్మ, నా మొగం చూడకుండానే.

ఒక సాయంత్రం పొట్లం వెనక్కి తిప్పినా.
ఇన్నేండ్లూ ముందుపక్కే చూసినా నేను:
నవ్వే పిల్ల, నీలం చుక్క, రెక్కలు.
వెనకపక్క, ఇట్ల వేసుకో ఇట్ల పారెయ్ అని బొమ్మలు,
ధర, ఒక ఫోను నంబరు,
"మల్లెల తాజాదనం."
ఏ మల్లె? ఏ తోటది?
నా ఒంట్లో పూలంగడి పెట్టమని ఎవురన్నారు?

మందులంగడి పిల్లోడిని అడిగినా,
ఇందులో ఏముంది నాయనా అని.
నల్ల కవర్లో చుట్టేది ఆపలేదు వాడు.
"దూది గదక్కా" అన్నాడు తల వంచుకుని,
నేనేదో బూతు మాట అనేసినట్టు.

ఆ రేత్రి నేనూ నా కూతురు హంసవేణీ
మామిడికాయ కోసే చాకుతో దాన్ని కోసినాం.
పైన వల మాదిరి ప్లాస్టిక్కు.
దాని కింద దూది మాదిరిది, దూది కాదు.
దినామూ దీపానికి వత్తి చేసే చెయ్యి, నాకు తెలీదా?
నడుమ సన్న పొడి, చక్కెర పలుకుల మాదిరి.
లోటాతో నీళ్ళు పోస్తే
ఉబ్బి ఉబ్బి సగ్గుబియ్యం జావ అయ్యింది.
అడుగున జిగురు.

"మా అవ్వ ఏం వాడిందిమా?"
పాత చీర గుడ్డ.
ఎవురి చీరో తెలుసు, ఏ తిరణాలలో కొనిందో తెలుసు.
అట్లని అది మంచిదని చెప్పను.
లంగాల కింద దాచి, ఎండ తగలనీకుండా ఆరేసి,
ఆ ముక్కిపోయిన వాసన నాకింకా గుర్తుండాది.
గుడ్డా నోరు మూసుకునింది. ఇదీ మూసుకునింది.

తొమ్మిదో తరగతి పిల్ల,
సైన్సు నోటుబుక్కులోంచి కాగితం చించి రాసింది:
ఇందులో ఉన్నవి:
దూది కాని దూది, ఎంతో తెలీదు.
జావ అయ్యే పొడి, పేరు తెలీదు.
జిగురు, దేంతో చేసినారో తెలీదు.
మల్లె వాసన. మల్లె లేదు.
అన్నం మెతుకులతో పొట్లం వెనక అంటించింది
వంకర పోకుండా, అచ్చం నా మాదిరే.

మర్నాడు టీ బ్రేకులో ఆ నంబరుకు ఫోను చేసినా.
"బ్యాచ్ నంబర్ చెప్పండి మేడం."
బ్యాచి నంబరా, నిద్దట్లో లేపినా చెప్తా నేను.
"మీ సమస్య?"
సమస్య కాదు సార్, ఏముందో చెప్పండి, అంతే.
కొంచేపు ఉత్త గాలి.
"లైన్లో ఉండండి."

చెవిలో ఏదో వీణ మోగతా ఉండాది.
సైరన్ కొట్టేసినారు.
బెల్టు మీద డబ్బాలు కదిలినాయి,
రెడ్డెమ్మ చెయ్యి ఊపతా ఉండాది రా రమ్మని.
ఫోను భుజానికీ చెవికీ నడుమ ఇరికించుకుని
డబ్బా వస్తాది, చీటీ అంటిస్తా.
లైన్లోనే ఉండా.